చుక్క కారని బండి

మా బండి కింద చుక్క ఆయిల్ కారదని నేను చెప్పని మనిషి మహబూబ్‌నగర్‌లో బహుశా లేడు. క్లాక్ టవర్ దగ్గర చాయ్ తాగుతూ చెప్పాను. పెన్షనర్ల మీటింగులో, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడాల్సిన చోట, లేచి నిలబడి మరీ చెప్పాను. నమ్మని ఇద్దరిని ఇంటికి తీసుకొచ్చి, రాత్రంతా బండి కింద పరిచి ఉంచిన పేపరు తీసి చూపించాను. మచ్చ లేదు. నలభై ఏళ్లు దాటిన టూస్ట్రోక్ బండి కింద మడుగు కట్టలేదంటే అది యజమాని గొప్పతనం కాక మరేమిటి?

ఆ గొప్పతనానికి ఒక పిస్టన్ పోయింది. మా ఇంటామె మోచేతి మీద చర్మం లేచిపోయింది. మన్యంకొండ ఘాటు మీద నుంచి ఒక కొబ్బరికాయ దొర్లుకుంటూ పోయి మళ్లీ కనబడలేదు. ఇంత జరిగాక కూడా నేను బండినే అనుమానించాను, నన్ను కాదు.

బండి 1979 నాటి ఎజ్డీ. 1987లో వనపర్తిలో ఒక పంతులుగారి దగ్గర కొన్నాను. నాది ఆడిట్ ఉద్యోగం. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా, మా పాలమూరు, అంటే ఒక చిన్న దేశం. 2016లోనూ, ఆ తర్వాత నారాయణపేట విడిపోయిన 2019లోనూ ముక్కలై ఇప్పుడు అయిదు జిల్లాలుగా లెక్కకొస్తున్నదంతా అప్పుడు ఒకటే. ఇవాళ గద్వాల, ఎల్లుండి అచ్చంపేట, ఆ పైవారం కొల్లాపూర్. బస్సును నమ్ముకుంటే రెండూళ్ల లెక్కలు చూడ్డానికి వారం పట్టేది. ఎజ్డీ ఉంటే పొద్దున సద్ది కట్టుకుని పోయి చీకటి పడేలోగా ఇల్లు చేరేవాణ్ణి.

ఈ బండి ఎరగనివాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పాలి, చెప్పకుండా ఉండటం నావల్ల కాదు కూడా. 1929లో చెకోస్లొవేకియాలో యానెచెక్ అనే ఆయుధాల ఫ్యాక్టరీ యజమాని వాండరర్ అనే జర్మన్ కంపెనీ మోటారుసైకిల్ తయారీ హక్కులు కొని, రెండు పేర్ల మొదటి అక్షరాలు కలిపి జావా అన్నాడు. ఆ జావాయే అరవైల మొదట్లో మైసూరులో ఐడియల్ జావా పేరుతో తయారవడం మొదలైంది, తర్వాత ఎజ్డీ అయింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. చెక్ భాషలో ఎజ్డీ అన్న పేరుకు దగ్గరగా ఉండే మాటకు ‘నడుస్తుంది’ అని అర్థమట. ఇంజన్‌లో ఒకటే సిలిండరు, అయినా వెనక రెండు సైలెన్సర్లు. ఎడమవైపు ఉన్న ఒకే రాడ్డు లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, కిందికి వాలిస్తే గేరు. కొత్తవాడెవడైనా బండి అడిగితే నవ్వుతూ తాళంచెవి ఇచ్చేసేవాణ్ణి. కిక్కు రాడ్డు ఎక్కడుందో వెతుక్కుని వెతుక్కుని తాళంచెవి తిరిగి ఇచ్చి పోయేవాడు.

2003లో హీరోహోండా కొన్నాక ఎజ్డీ వెనక వరండాలో టార్పాలిన్ కిందికి చేరింది. పద్దెనిమిదేళ్లు అక్కడే. దాని సీటు మీద మా ఇంటామె చింతపండు ఎండబెట్టింది. రిటైరయ్యాక, 2021లో, దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని బుద్ధి పుట్టింది. ట్యాంకుకు మెరూన్ రంగు వేయించాను, దాని మీద బంగారు గీత గీయించాను. సైలెన్సర్లకు, రిమ్ములకు హైదరాబాద్‌లో క్రోమ్ పట్టించాను. సీటు, వైర్లు, టైర్లు, కేబుళ్లు అన్నీ కొత్తవే. కార్బొరేటర్ కడిగి, పాయింట్లు గీకి కిక్కు కొడితే మూడో కిక్కుకు అందుకుంది. ఇక ఇంజన్ విప్పడమెందుకు? నడుస్తున్న ఇంజన్ విప్పితే దరిద్రం అని ఎవరో అన్నట్టు గుర్తు. ఎవరూ అనలేదేమో, ఖర్చు మిగులుతుందని నేనే అనుకుని ఉంటాను.

పద్దెనిమిదేళ్లు కదలకుండా ఉన్న బండిలో రంగు పోయినవి, తుప్పు పట్టినవి కంటికి కనిపిస్తాయి. కనిపించకుండా ఇంజన్ లోపల రబ్బరు సీళ్లుంటాయి. ఆయిల్‌లో తడుస్తూ తిరుగుతూ ఉన్నంతకాలం అవి మెత్తగా ఉంటాయి. ఊరికే ఉంటే ఎండిపోతాయి. ఇది నాకు తెలుసా అంటే, తెలుసు. బోరింగు పంపు నాలుగు నెలలు కొట్టకపోతే లోపలి వాషరు ఎండిపోయి నీళ్లు అందవని, ఆ రిపేరు బిల్లు ఎందుకొచ్చిందని సర్పంచులను నిలదీసినవాణ్ణే నేను.

పొగ దసరా తర్వాత మొదలైంది. మొదట పొద్దున స్టార్ట్ చేసినప్పుడు మాత్రమే. సైలెన్సర్లో పాత ఆయిల్ పేరుకుని ఉంటుంది, కాలిపోతే పోతుందిలే అనుకున్నాను. కార్తీకం నాటికి వీధి చివరి దాకా తెల్లటి తెర. ఒకనాడు మా గల్లీ పిల్లలు దోమల మందు బండి వచ్చిందనుకుని కేకలు వేస్తూ బయటికి పరిగెత్తుకొచ్చారు, నన్ను చూసి నిరాశగా ఆగిపోయారు. ఎదురింటి వాళ్లు దండెం మీది బట్టలు లోపలికి తీసుకోవడం మొదలుపెట్టారు. నేను బండి తీసే టైము చూసుకుని మరీ.

ఇప్పుడు ఒక కుర్రవాడి సంగతి. మెట్టుగడ్డ వైపు ఒక చిన్న షెడ్డులో పనిచేస్తాడు, ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. చెయిన్ బిగించమని పోతే పొగ చూసి, వంగి ఎడమవైపు కేసు మీద చెయ్యి పెట్టి అన్నాడు, “సార్, క్లచ్ సైడు సీల్ పోయినట్టుంది. ఒకసారి విప్పి చూస్తే మంచిది.”

విప్పి చూస్తే! ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో ఈ మాట విని విని నా చెవులకు తుప్పు పట్టింది. విప్పి చూశాం, అది పోయింది, ఇది పోయింది, దాంతోపాటు ఇదీ మార్చాం, బిల్లు ఇదిగో. ఒక పంచాయతీలో నలభై వీధి బల్బులు కొన్నట్టు బిల్లు ఉంటే ఊరంతా తిరిగి లెక్కపెట్టాను, ఇరవై ఆరు తేలాయి. మిగతా పద్నాలుగు ఏమయ్యాయంటే కోతులు పగలగొట్టాయన్నారు. సరే, గాజు పెంకులు చూపించమన్నాను. ఒకచోట తగ్గింది ఇంకోచోట తేలాలి, గాలిలో కలవదు. ఇదే నా ఉద్యోగం మొత్తం. అలాంటి నన్ను ఒక పిల్లవాడు, పొగ చూసి, ఇంజన్ విప్పే బేరానికి దింపుతున్నాడు!

“నీ వయసెంత?” అన్నాను.

చెప్పాడు.

“దీని వయసు నీకు రెండింతలు. దీని కింద చుక్క కారదు. సీల్ పోతే కారదా?”

ఏదో చెప్పబోయాడు. అప్పటికే కిక్కు కొట్టాను. నా పొగలో వాడి మొహం కనబడలేదు.

ఇంటికొచ్చి నా సొంత విచారణ మొదలుపెట్టాను. పొగ అంటే ఆయిల్ కాలడం. కాలే ఆయిల్ ఎక్కడిది? నేను పెట్రోల్లో కలిపేది. ఇలాంటి టూస్ట్రోక్ బండికి విడిగా ఇంజన్ ఆయిల్ ఉండదు. 2టి ఆయిల్‌ను పెట్రోల్లోనే కలిపి పోయాలి. వెనకటికి బంకుల్లో చేత్తో కొట్టే చిన్న పంపు ఉండేది, ఎన్ని లీటర్లకు ఎంతో బంకువాడే లెక్కచూసి కొట్టేవాడు. ఇప్పుడు ఆ భాగ్యం లేదు. నేను దగ్గు మందు సీసా మూతతో కొలిచి లీటరుకు నలభై మిల్లీలీటర్లు కలిపేవాణ్ణి, అంటే ఇరవై అయిదుకు ఒక పాలు. దాన్ని ముప్పై చేశాను. పొగ కొంచెం తగ్గినట్టనిపించింది. అనిపించడమేమిటి, నిజంగానే కొంచెం తగ్గి ఉంటుంది. తప్పు దారిలో మొదటి అడుగుకు దొరికే ప్రోత్సాహం అంతా ఇంతా కాదు. సంక్రాంతికి ఇరవై అయిదు చేశాను. శివరాత్రికి ఇరవై.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. ప్లగ్గు విప్పితే నల్లగా, తడిగా ఉంది. ప్లగ్గుల్లో వేడివి, చల్లవి అని రకాలుంటాయని, వేడి ప్లగ్గు తన మసి తానే కాల్చుకుంటుందని ఎక్కడో చదివి ఉన్నాను, వేడిది వేశాను. హైదరాబాద్‌లో ఉండే పాత స్నేహితుడొకడు ఫోన్లో, పెట్రోల్ ఎక్కువ తాగుతున్నట్టుంది, జెట్ ఒక నంబరు తగ్గించు అన్నాడు. తగ్గించాను. వాడు పాతికేళ్లుగా కారు తప్ప ఇంకేదీ నడపలేదని ఆ క్షణాన గుర్తు రాలేదు.

ఇలా పొగ మీద మూడు వైపుల నుంచి దాడి చేశాను. ఆ మూడూ చేసిన పని ఒకటే, ఇంజన్‌కు మంట పెట్టడం. టూస్ట్రోక్ పిస్టన్‌కు పెట్రోల్, గాలి కలిసిన ఆ తడి అన్నమే కాదు, స్నానం కూడా. అది పిస్టన్ కింది నుంచి తాకుతూ పోతూ వేడిని తనతో తీసుకుపోతుంది. తలకు నూనె రాసేదీ అదే. నేను నూనె సగానికి తగ్గించి, స్నానం నీళ్లు తగ్గించి, పైగా నిప్పుల కుంపటి పక్కన కూర్చోబెట్టాను. ఇదంతా ఇప్పుడు ఇంత చక్కగా చెబుతున్నాను.

2022 జనవరిలో ఎజ్డీ పేరుతో కొత్త బండ్లు మార్కెట్లోకి వచ్చాయి. ఆ వార్త చూసి నా గీర ఇంకో మెట్టు ఎక్కింది. ఎక్కడైనా ఒక కొత్త ఎజ్డీ ఆగి ఉంటే పక్కన నాది ఆపి, ఆ కుర్రవాళ్లకు నీతిపాఠం మొదలుపెట్టేవాణ్ణి. ఆపకుండా వెళ్లిపోతే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది, ఎందుకంటే ఆగినప్పుడల్లా ఇంజన్ నుంచి వచ్చే సెగకు నా ప్యాంటు కాలు కమిలేది. ఎండ అనుకున్నాను. పాలమూరు ఎండ మీదికి ఏ నేరమైనా నెట్టొచ్చు, అది వాదించుకోదు.

సాయంత్రాలు మనవణ్ణి ఎక్కించుకుని పిల్లలమర్రి దాకా పోయేవాణ్ణి. ఊరి నుంచి నాలుగు కిలోమీటర్లే. అక్కడికి చేరేసరికి కిక్కు రాడ్డు బూటు లేకుండా తాకలేనంత వేడి. ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పుకునే ఆ మర్రి 2017 డిసెంబరులో ఒకవైపు కూలింది. బయటికి పచ్చగానే ఉంది, లోపల చెదలు. 2018లో దానికి మనుషులకు పెట్టినట్టు సెలైన్ సీసాలు కట్టారు, చెదల మందు నీళ్లలో కలిపి చుక్క చుక్కగా కాండంలోకి ఎక్కించారు. మొదట కన్నాలు పెట్టి మందు పోస్తే బయటికి వచ్చేసిందని, అందుకే సీసాల దారి పట్టారని మనవడికి చేతులు తిప్పుతూ వివరించాను. రోగం లోపల ఉంటే పైపైన మందు పోస్తే ఏం లాభం అన్నాను. వాడికి అప్పుడు ఎనిమిదేళ్లు. మర్యాదగా విన్నాడు. తర్వాత వెనక్కి తిరిగి చూసి, “తాతా, బండి బంద్ చేసినా పొగొస్తుంది” అన్నాడు. సైలెన్సరు మీద కారిన ఏదో కాలుతోంది. క్రోమ్ పాలిష్ అయి ఉంటుందన్నాను.

మే నెల, ఒక శనివారం. మన్యంకొండ వెంకటేశ్వరస్వామికి మా ఇంటామె మొక్కు. రాయచూరు రోడ్డు మీద దేవరకద్ర ఇంకా రాకముందే కొండ వస్తుంది. అక్కడి నుంచి పైకి ఘాటు రోడ్డు. ఆటోలో పోదామని ఆమె అన్నది. ఎజ్డీ ఉండగా ఆటో ఏమిటని నేనన్నాను. పొద్దున తొమ్మిదిన్నరకు బయలుదేరాం, అదీ నేను ట్యాంకు తుడుస్తూ ఆలస్యం చేయడం వల్ల. ఆమె ఒళ్లో సంచి, సంచిలో కొబ్బరికాయ, పూలు, నీళ్ల సీసా.

రోడ్డు మీద బాగానే నడిచింది. ఘాటు మొదలయ్యాక రెండో గేరు. ఇద్దరి బరువు, ఎండ, ఎత్తు. ఇంజన్ నుంచి చిల్లర పైసలు డబ్బాలో వేసి ఊపినట్టు ఒక చప్పుడు వస్తోంది. కానీ నా దృష్టి అద్దం మీద ఉంది. అద్దంలో పొగ లేదు! ఆరు నెలల్లో మొదటిసారి వెనక రోడ్డు స్పష్టంగా కనిపిస్తోంది. తల సగం తిప్పి, “చూశావా, పొగ ఆగింది” అన్నాను.

“ఇంజన్ గూడ ఆగేటట్టుంది” అన్నది ఆమె. చప్పుడు ఆమెకు వినిపించింది.

ఇంకో మలుపు తిరిగామో లేదో, కీచుమని వెనక చక్రం బిగుసుకుపోయింది. పిస్టన్ పట్టేసింది. పాతకాలం టూస్ట్రోక్ నడిపేవాళ్లు రెండు వేళ్లు ఎప్పుడూ క్లచ్ మీద ఉంచేవాళ్లు ఇందుకే, పట్టేసిన క్షణంలో క్లచ్ నొక్కితే చక్రం వదులవుతుంది. నా రెండు వేళ్లు ఆ సమయంలో గాల్లో ఉన్నాయి, పొగ ఆగిన సంగతి చూపిస్తూ. బండి అడ్డంగా జారి పక్కకు ఒరిగింది. వేగం తక్కువ కాబట్టి బతికిపోయాం. ఆమె మోచెయ్యి కంకర మీద రాసుకుంది. కొబ్బరికాయ సంచిలోంచి బయటపడి, రోడ్డు అంచున ఒక్క క్షణం ఆగి, కిందికి పోయింది.

మొదట ఆమె దెబ్బ చూశానని రాయాలని ఉంది. మొదట ఇంజన్ చూశాను. నీళ్ల సీసా తీసి సగం దాని మీద పోశాను. బుస్సుమని ఆవిరి లేచింది. పక్కన ఆగిన ఆటో డ్రైవరు పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. “సార్ సార్, ఏం జేస్తున్నరు, పగుల్తది! గా నీళ్లు అమ్మకియ్యున్రి!” ఎర్రగా కాలిన ఇనుము మీద చన్నీళ్లు పోస్తే ఏమవుతుందో కొలిమి దగ్గర నిలబడ్డ పసిపిల్లవాడికైనా తెలుసు. మిగిలిన సగం సీసా ఆమె తాగలేదు, దెబ్బ కడుక్కుంది. నాతో ఏమీ అనలేదు. అదే ఆటోలో పైకి పోయి, పూలు మాత్రం ఇచ్చి దండం పెట్టుకుని వచ్చింది.

అరగంట చల్లారాక కిక్కు కదిలింది. ఇంజన్ వదిలేసింది, ఇక నడుస్తుందేమో అనుకున్నాను కూడా. ఆమె నా వైపు చూసిన చూపుకు ఆ మాట నోట్లోనే ఆగిపోయింది. బండి ట్రాలీ ఆటోలో ఊరు చేరింది, మెరూన్ ట్యాంకు మీద ఒక గోనెపట్టా కప్పుకుని.

తీసుకుపోయింది ఒక పాత మెకానిక్ ఉస్తాద్ దగ్గరికి. పేరు రాయను, ఆయనకు ఇష్టముండదు. డెబ్బై దాటాయి. జావాలు ఈ ఊళ్లో కొత్తగా తిరిగే రోజుల నుంచి వాటి మీదే చెయ్యి. ఇప్పుడు దుకాణం లేదు, ఇంటి ముందు వేపచెట్టు కింద నులకమంచం. బండి దించగానే పానా తీస్తాడనుకున్నాను. తీయలేదు. సైలెన్సరు చివర వేలు పెట్టి, వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ వాసన చూశాడు. అప్పుడు మంచం మీద కూర్చుని నన్నూ కూర్చోమన్నాడు.

“2టి ఎంత పోస్తున్నరు సార్?”

జేబులోంచి నోట్‌బుక్ తీశాను. నాకు ప్రతిదీ రాసే అలవాటు. తేదీ, పెట్రోలు, 2టి, తిరిగిన కిలోమీటర్లు. చదివి వినిపించాను. ఇరవై అనగానే కళ్లు మూసుకున్నాడు.

“గేర్ ఆయిల్?”

అది వేరే పేజీ. ‘ఇతర ఖర్చులు’ కింద. అక్టోబరులో 200 మిల్లీలీటర్లు. డిసెంబరులో 250. ఫిబ్రవరిలో 300. ఏప్రిల్లో 300.

“మార్చిన్రా, పోసిన్రా?”

“తక్కువైతే పోశాను.”

“మొత్తం ఎంతయితది?”

కూడాను. 1,050.

“కింద కారుతదా?”

“చుక్క కారదు” అన్నాను. ఈసారి కూడా అదే గొంతుతో, గర్వంగా. అలవాటైన మాట కదా.

ఉస్తాద్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగాడు, “మరి లీటరు నూనె యాడికి పోతున్నదో ఒక్కసారన్న సోచాయించిన్రా సార్?”

నోట్‌బుక్ నా చేతిలోనే ఉంది. ఎడమ పేజీలో పొగ ఎంతుందో వారం వారం రాసుకున్నాను, ‘ఎక్కువ’, ‘చాలా ఎక్కువ’, ‘ఎదురింటివారి అభ్యంతరం’ అని. కుడి పేజీలో గేర్ ఆయిల్ తగ్గుదల. రెండూ నా చేతిరాతే. పద్నాలుగు బల్బుల పెంకులు చూపించమన్నవాణ్ణి, లీటరుకు పైగా నూనె నా ఇంట్లోనే మాయమైతే, కింద కారలేదని సంతోషించి మళ్లీ పోశాను. అదే నూనె నా వెనకాల రోడ్డు మీద తెల్లగా తేలుతోంది, పిల్లలు దోమల మందు అనుకున్నారు.

“పిస్టన్ పైకి పోయినప్పుడు కింద గుంజుతది సార్” అన్నాడు ఉస్తాద్, అరచెయ్యి పైకి లేపి చూపిస్తూ. “కార్బేటర్ నుంచి గుంజాలె. క్లచ్ సైడు సీల్ ఎండిపోతే గేర్ నూనె గూడ గుంజుతది. బయటికెట్ల కారుతది? లోపలికే తాగుతుంటది.”

నాలో ఆడిటరు అప్పుడు మేల్కొన్నాడు. అంత నూనె లోపలికి పోతుంటే పిస్టన్ నూనె లేక పట్టేయడమేమిటి? లెక్క కుదరడం లేదే! అడిగాను. ఆయనకు ఆ ప్రశ్న నచ్చింది. ఎక్సిలేటర్ మూసి ఉన్నప్పుడు, మెల్లగా నడిచేటప్పుడు లోపలి గుంజుడు ఎక్కువ, అందుకే గల్లీలో అంత పొగ. ఘాటు మీద ఎక్సిలేటర్ నిండా తెరిస్తే గాలి కార్బొరేటర్ నుంచే ధారాళంగా వస్తుంది, సీల్ వైపు గుంజుడు తగ్గుతుంది. అప్పుడు పిస్టన్‌కు దిక్కు నేను పోసిన ఆ ఇరవై మిల్లీలీటర్లే. పైన చిన్న జెట్టు, వేడి ప్లగ్గు. ఆరు నెలలు గేర్ ఆయిల్ కాలి పోగుపడ్డ బొగ్గు పొగ దారిని సగం మూసేసింది, వేడి బయటికి పోయే తోవ కూడా లేదు. నేను అద్దంలో చూసి సంబరపడ్డ ఆ పొగ లేని అర నిమిషమే బండికి చివరి అర నిమిషం.

విప్పాక చూపించాడు. పిస్టన్‌కు పొగ పోయే వైపు నిలువునా గీతలు, పిల్లి గీరినట్టు. అల్యూమినియం కరిగి బోరు గోడకు పూసుకుపోయింది. సీల్ తీసి నా చేతిలో పెట్టాడు. రబ్బరు మెత్తదనం ఏ కోశానా లేదు, నేల మీద వేస్తే గవ్వలా చప్పుడైంది. దాని వెలకు, మేము ఆ పొద్దున కొన్న పూల వెలకు పెద్ద తేడా లేదు. తర్వాత కుడివైపు, పాయింట్ల పక్కన ఉండే రెండో సీల్ కూడా తీసి పక్కన పడేశాడు. అది ఎందుకు, దానికేమీ కాలేదు కదా అన్నాను.

“దీనికి నూనె తగల్ది సార్, గాలి తగుల్తది. ఇది పోతే పొగ రాదు. గాలి గుంజి గుంజి ఇంజన్ కాలిపోతది, అంతే. పొగొచ్చేది నయం, మీకు ఆరు నెలలు చెప్పుకుంట తిరిగింది.”

బోరు చేయించడానికి సిలిండరు సంచిలో వేసుకుని లేత్ షాపుకు నేనే పోయాను. 65 మిల్లీమీటర్ల బోరు, అర మిల్లీమీటరు కోస్తే గీతలు పోతాయన్నారు, దానికి తగ్గ ఓవర్‌సైజు పిస్టన్ దొరికింది. అక్కడ స్టూలు మీద తన వంతు కోసం కూర్చుని ఉన్నాడు మెట్టుగడ్డ కుర్రవాడు. నా చేతిలోని సిలిండరు చూశాడు. లోపలి గీతలు చూశాడు. లేచి, “నమస్తే సార్, కూసోన్రి” అని స్టూలు నా వైపు జరిపాడు. అంతకంటే ఒక్క మాట అనలేదు. నేను కూర్చున్నాను. వాడు చెప్పింది నిజమేనని అందామని రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ లేత్ మిషన్ చప్పుడు ఎక్కువైంది. ఆ తర్వాత చెయిన్ బిగించుకోవడానికి వాడి దగ్గరికే పోతున్నాను, అడిగినదానికంటే పది రూపాయలు ఎక్కువ ఇస్తున్నాను. వాడు ప్రతిసారీ చిల్లర లెక్కపెట్టి తిరిగి ఇస్తున్నాడు.

కొత్త బోరు కాబట్టి కొన్నాళ్లు లీటరుకు యాభై మిల్లీలీటర్లు పోయమన్నాడు ఉస్తాద్. పాత జెట్టు, పాత రకం ప్లగ్గు తిరిగి వచ్చాయి. యాభై పోస్తే పొగ రాదా? వస్తుంది. పలచగా, నీలంగా. ఎదురింటాయన మొదటి రోజే గేటు దగ్గర ఆపి, “ఇంకా తగ్గలేదా సార్? ఆయిల్ ఎక్కువ పోస్తున్నట్టున్నరు, జర తగ్గించి చూడున్రి” అన్నాడు. ఆయనకు తలూపి, లోపలికొచ్చి, గేర్ ఆయిల్ మూత విప్పి పుల్ల ముంచి చూశాను. పుల్ల మీద గీత నిన్నటి చోటే ఉంది. నోట్‌బుక్‌లో రాశాను. ఇప్పుడు పొగ, గేర్ ఆయిల్ రెండూ ఒకే పేజీలో, పక్కపక్కన.

శ్రావణంలో మా ఇంటామె మన్యంకొండకు మళ్లీ బయలుదేరింది. బాకీ పడ్డ కొబ్బరికాయ. బండి బాగైందని, ఉస్తాద్ మూడుసార్లు నడిపి చూశాడని చెప్పాను. మంచిదే, మీరు బండి మీద రండి అన్నది. కొండ మలుపు దగ్గర బస్సు దిగి ఆటో ఎక్కుతుందట. నేను బస్సు వెనకే పోయాను, రెండు వేళ్లు క్లచ్ మీద ఉంచి, యాభై కిలోమీటర్ల వేగం దాటకుండా. దేవరకద్ర రోడ్డు మీద ఒకచోట బస్సు నెమ్మదించినప్పుడు వెనక కిటికీలోంచి ఆమె నా వైపు చూసి చెయ్యి ఊపింది. రెండో చేత్తో ఒళ్లో సంచిని గట్టిగా పట్టుకుని ఉంది.